అమ్మ మెడ మీద నలుపు

నేను రాయగడలో ఒక పరిశోధన బృందంలో పనిచేస్తున్నాను. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదని, ఒంట్లో లోలోపల వాపు పుట్టించి షుగరుకు దారితీస్తుందని ఈ ఉదయం మా మేడమ్ వివరించారు. తర్వాత తెర మీద ఒక ఫొటో చూపించారు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు కావచ్చన్నారు. అలాంటి మెడను నేను రోజూ ఇంట్లో చూస్తున్నాను.

సాయంత్రం మా కొట్టులో చింతపండు తూస్తున్న అమ్మ వెనక నిలబడి, జడ పక్కకు తీసి చూశాను.

“ఏటే అమ్మి, పేలు సూస్తన్నావా? అది పుస్తెలతాడు ఒరుసుకున్న నలుపు. సున్నిపిండి ఎట్టి తోముతున్నాను, పోద్దిలే.”

“తాడు మెడలో ఉంటాది గానీ సంకలో ఉంటాదేటమ్మా? అక్కడా నల్లగానే ఉంది కదా! ఇది షుగరుకు గుర్తు కావచ్చంట.”

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నా చదువు మాటలకు అమ్మ ఎప్పుడూ నవ్వుతుంది. ఈరోజు నవ్వలేదు. తక్కెడ కింద పెట్టి, “నాకేటవుద్దే?” అని మెల్లగా అడిగింది.

“ఏటీ అవదు. రేపు పొద్దున్న టీ తాగకుండా పరీక్షకి రక్తం ఇచ్చొద్దాం” అన్నాను.

ఏమీ అవదని నాకు మాత్రం ఎలా తెలుసు? అమ్మ మాత్రం నమ్మేసి మళ్ళీ తూకానికి కూర్చుంది. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలా ఉంటే, పరీక్షలో ఏం తేలిందో రాయండి. మంచి కబురున్నవాళ్ళు ముందు రాయండి.