మన్యంకొండ దారిలో ఆగిన పరుగు: విడిగా కొన్న ఇన్‌సోల్స్ నాకెందుకు పడలేదు

నా మడమ నొప్పి స్వరూప ఊరు వదిలి వెళ్లిన తర్వాత మొదలైంది. నేను నల్గొండలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. విడాకులయ్యాక ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్న రోజుల్లో, అదే గల్లీలో ఉండే స్టాఫ్ నర్సు స్వరూప ఒకసారి తలుపు కొట్టి, "పొద్దుగాల గ్రౌండుకు వస్తవా? ఒక్కదాన్నే ఉరకాలంటే కుక్కల భయమైతాంది" అంది. అలా మొదలై ఏళ్ల తరబడి కలిసి పరిగెత్తాం. నిరుడు ఎండాకాలంలో ఆమెకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. నేను గ్రౌండుకు వెళ్లడం మానలేదు. మాట్లాడేవాళ్లు లేకపోయేసరికి ఊరికే వేగం పెంచుకుంటూ పోయాను. వానాకాలం వెళ్లేసరికి, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎడమ మడమలో మేకు దిగినట్టుండేది.

ఫోన్లో చెబితే స్వరూప, "ఇన్‌సోల్స్ ఏస్కోవే. నా మోకాలు నొప్పి వాటితోనే తగ్గింది. ఈడ మా బ్యాచ్ అందరు అవే ఏస్తరు" అంది. బూటుతో వచ్చే పల్చటి అట్ట తీసేసి దాని జాగాలో పెట్టుకునే గట్టి అట్టలు అవి. పాదం మధ్య వంపు కింద ఎత్తుగా ఉబ్బి ఉంటాయి. ఆమె పంపిన లింకులోంచే తెప్పించుకున్నాను. బూట్ల ధరలో సగం దాకా అయింది. వాటికంటే 'మా బ్యాచ్' అన్న మాటే నా మనసులో ఎక్కువసేపు మెదిలింది. ఆ బ్యాచ్‌తో కలిసి మహబూబ్‌నగర్ నుంచి మన్యంకొండ గుట్ట దాకా పరిగెత్తడానికి వస్తానని చెప్పేశాను. వస్తానన్న రోజుకి కొత్త అట్టలతో గ్రౌండులో నాలుగు చుట్లు కూడా సరిగా తిరగలేదు.

శనివారం పొద్దున ఏడింటికి దేవరకొండ బస్సెక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కనుక ఈ దారిలో నాకైన ఖర్చంతా టిఫిన్లు, చాయ్, ఆటోలే. కిటికీ బయట పత్తి చేన్లు చివరి ఏరుడుకొచ్చి గోధుమరంగుకు తిరిగాయి. వాటి వెనక ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గుండ్రాళ్ల గుట్టలు. దాదాపు రెండు గంటల ప్రయాణం. దేవరకొండ బస్టాండు దగ్గర ఇడ్లీ పెడుతున్నావిడ నా రంగురంగుల బూట్లు చూసి, "బడిల డ్రిల్లు మేడమా మీరు?" అని అడిగింది.

"కాదమ్మా. ఊకెనే ఉరుకుత."

"ఊకెనే ఎవ్వలన్న ఉరుకుతరా!" అని నవ్వి ఇంకో గరిటె చట్నీ పోసింది. ఆ ఉదయం నాతో ఎవరైనా మాట్లాడింది అదే. అక్కడి నుంచి కల్వకుర్తి బస్సు, కల్వకుర్తిలో మారి మిడ్జిల్, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. బస్సుల కోసం ఆగడంతో కలుపుకుంటే మధ్యాహ్నం దాటింది. పక్క సీటు నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. ఊరు దగ్గరపడేకొద్దీ స్వరూపకు చెప్పాలనుకున్నవన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాను.

ఆమె స్కూటీ మీద వచ్చి బస్టాండులోనే గట్టిగా పట్టుకుంది. "చిక్కినవే" అంది. ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ ఆమె ఫోను మోగుతూనే ఉంది. రేపు ఎవరు వస్తున్నారు, నీళ్లు ఎవరు తెస్తున్నారు అని బ్యాచ్ వాళ్లు. నవ్వుకుంటూ వాళ్లకు జవాబిచ్చి, "ఆఁ, చెప్పు, ఏమంటున్నవ్?" అని నావైపు తిరిగేది. నేను ఏమంటున్నానో అప్పటికి నాకే గుర్తుండేది కాదు. నా మడమ సంగతి అడిగింది. "మంచిగనే ఉంది" అన్నాను.

ఆదివారం చీకటి విడవకముందే రాయచూరు రోడ్డు మీద పరుగు మొదలైంది. మన్యంకొండ పట్నానికి పదిహేను కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు లారీలు పెరగకముందే బయల్దేరడం మంచిది. ఆరుగురం. మంచివాళ్లే, నాకోసం మొదట్లో నెమ్మదిగానే నడిపించారు. కానీ వాళ్ల మాటల్లో ఉన్నవన్నీ నేను లేని పరుగులు, నాకు తెలియని మనుషులు. నేను నవ్వాల్సిన చోట అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతున్నాను. ఊరు దాటి కొంత దూరం పోయాక ఎడమ పాదం వంపు కింద మంట మొదలైంది. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి. అట్ట మందంగా ఉండటంతో పాదం పైకి లేచి, బూటు ముందుభాగం వేళ్లను నొక్కేస్తోంది. పంటి బిగువున చాలాసేపు పరిగెత్తాను.

స్వరూప వేగం తగ్గించింది. "ఆగాల్నా?"

"నువ్వు నడువ్. నేను నిమ్మళంగ వస్త."

ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయింది. మలుపు దాకా వాళ్ల మాటలు వినిపించాయి. ఆ తర్వాత అవీ లేవు.

కల్వర్టు గోడ మీద కూర్చుని బూటు విప్పాను. పాదం వంపు దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ లేచి పగిలింది. అట్ట లాగేసి ఉత్త బూటుతో నాలుగడుగులు వేసి చూశాను. లోపలి కుట్లు పుండుకి గీరుకుంటున్నాయి. బూటుతో వచ్చిన అట్టలు నల్గొండ గదిలోనే వదిలి వచ్చాను. మళ్లీ అదే గోడ మీద కూర్చున్నాను. ఇంక పరుగు చాలు, ఎవరికోసం ఇదంతా అనిపించింది.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దామె ఆగింది. "ఏమైంది బిడ్డా, పడ్డవా?"

"లేదమ్మా. బూటు కరిచింది."

"ఎంబడి ఎవ్వలు లేరా?"

"ఉన్నరు. ముందుకు పోయిన్రు."

"నిన్ను ఇడిసిపెట్టేనా?"

"నేనే పొమ్మన్న."

"పొమ్మంటె మాత్రం పోతరా!" అంది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆమె గోడ అవతలి చివర కూర్చుని, గొర్రెలు రోడ్డెక్కకుండా చూసుకుంటూ, నా ఏడుపు ఆగేదాకా ఉంది. "ఇగ పోత బిడ్డా, అవ్వి ఆగవు" అని లేచింది.

ఎండ పూర్తిగా వచ్చాక మన్యంకొండ వైపు నుంచి ఒక ఆటో వచ్చి నా ముందు ఆగింది. అందులో స్వరూప ఒక్కతే ఉంది. నా పాదం చూసి, రుమాలు తడిపి పుండు చుట్టూ తుడిచింది.

"గుట్ట కాడికి పోయి చూస్తే నువ్వు రాలే. ఫోన్ జేస్తే నీ ఫోను నా ఇంట్లనే ఉండె. నొస్తాందని ఎందుకు చెప్పలే?"

"నీకు మంచిగ పని చేసినయి గదా. నాకు పడలేదంటే ఎట్లుంటది?"

"గా అట్ట నేను పుట్టిచ్చిన్నా? పడకపోతే తీసి అవతల పారెయ్యాలె గని!" అని కోప్పడింది. ఆటో కొంత దూరం వెళ్లాక నెమ్మదిగా అంది. "నిన్న నుంచి చూస్తున్న, నాతోని సరిగ మాట్లాడతలేవ్."

"నీకు ఇక్కడ చానామంది ఉన్నరు."

"ఉన్నరు. పొద్దుగాల గంట సేపు ఉంటరు. ఇంటికొచ్చినంక నేనొక్కదాన్నే తింట. నీకు ఫోన్ జేద్దామనుకుంట. మళ్ల ఏడుస్తనేమోనని చెయ్య."

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూసి రేడియో తగ్గించాడు.

సోమవారం నేను సెలవు పెట్టుకున్నాను. పొద్దున్నే స్వరూప తను పనిచేసే దవాఖానలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టి, నడిపించి, పిక్కలు నొక్కి చూసింది. "మీది కొంచెం చదును పాదం. ఈ అట్ట మీకు మరీ ఎత్తు, మరీ గట్టి. నొప్పి ఉన్నవాళ్లలో కొంతమందికి ఇవి కొన్నాళ్లు ఆసరాగా పనికొస్తాయి. నొప్పి లేనివాళ్లకు అవసరం లేదు. మీ పిక్కలు బాగా బిగుసుకున్నాయి, ముందు పరుగు తగ్గించి వాటి సంగతి చూడండి" అని రెండు వ్యాయామాలు నేర్పింది. స్వరూప మోకాలి నొప్పి ఇన్‌సోల్స్ వల్లే తగ్గిందా అని అడిగితే, "అయ్యుండొచ్చు. ఆమె అదే సమయంలో వ్యాయామం కూడా చేసింది కదా" అని నవ్వింది.

మధ్యాహ్నం బస్సులో తిరిగి వచ్చాను. ఇది జరిగి మూడు నెలలు కావస్తోంది. మడమ నొప్పి చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. స్వరూప వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఏడుపొస్తే ఏడుస్తాం, తర్వాత మామూలుగా మాట్లాడుకుంటాం. అయినా పొద్దున గ్రౌండులో నా పక్కన ఎవరూ లేరన్నది మారలేదు. కొన్ని రోజులు అది బరువుగా ఉంటుంది. ఆ రోజుల్లో పరిగెత్తను, చుట్లు నడిచి ఇంటికొస్తాను. మొన్న గేటు దగ్గర కొత్త బూట్లు వేసుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఒకామె నిలబడి ఉంది. నేనే వెళ్లి పలకరించాను.

ఇన్‌సోల్స్ కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ముందు ఇంట్లో వేసుకుని తిరగండి, తర్వాత రెండు మూడు వారాలు చిన్న పరుగుల్లో చూడండి. వేళ్లు ఇరుకైనా, వంపు కింద మండినా అవి మీవి కావు. ఎవరికి ఎంత బాగా పనిచేసినా సరే, అక్కడే తీసేయండి.