చిరిగిన పుస్తకాల శనివారం

మేడమ్ పోయారన్న కబురు నాకు మా సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన బదిలీల జాబితా, కింద ఎవరిదో పుట్టినరోజు కేకు, మధ్యలో ఆవిడ ఫొటో. చూస్తుండగానే వరసగా దణ్ణం బొమ్మలు పడ్డాయి. ఆ దణ్ణాలు పెట్టినవాళ్లలో సంఘం పెద్ద ఒక్కడైనా ఆవిడ గుమ్మం తొక్కితే ఒట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ తిరువూరులో హైస్కూలు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. నేను గంపలగూడెంలో స్కూలు లైబ్రరీ చూస్తాను. లైబ్రేరియన్ అంటే మా స్కూళ్లలో ఏ టీచరు రాకపోతే ఆ క్లాసులో కూర్చునే మనిషి, మధ్యాహ్న భోజనం కోడిగుడ్లు లెక్కపెట్టే మనిషి. మాకూ ఒక సంఘం ఉంది. అది డైరీలు పంచడానికి, శాలువాలు కప్పుకోవడానికి. మాకు నిజమైన సంఘం మేడమ్ గారి వరండానే. ప్రతి రెండో శనివారం ఎ.కొండూరు, రెడ్డిగూడెం నుంచి కూడా లైబ్రరీవాళ్లు చిరిగిన పుస్తకాలు సంచుల్లో వేసుకుని అక్కడికి చేరేవాళ్లు. ఆవిడ మైదాపిండి జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవారు. పాత నూలు చీర పీలికలతో అట్టలు అతికిస్తూ, మా హెడ్మాస్టర్లను తిట్టుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. సంఘం పెద్దలు మమ్మల్ని "చిరుగుల కంపెనీ" అని ఎగతాళి చేసేవాళ్లు.

సంచి విప్పగానే మేడమ్ ముందు పుస్తకం వాసన చూసేవారు. "ఇదిగో, ఆవకాయ. అన్నం తింటూ చదివాడమ్మా వెధవ," అని మురిసిపోయేవారు. ఎవరైనా ఖాళీ సంచితో వస్తే మాత్రం, "చిరగలేదంటే చదవలేదనేగా. ఇంకెందుకమ్మా మనం?" అనేవారు.

కొత్తలో నా బీరువాకి ఎప్పుడూ తాళమే. పుస్తకం పోతే నా మీదకొస్తుందని భయం. రెండు శనివారాలు ఖాళీ చేతుల్తో వెళ్లాను. మూడోసారికి మొహం చెల్లక, కథల పుస్తకం ఒకటి తీసి నా చేతుల్తోనే నాలుగు పేజీలు చింపి పట్టుకెళ్లాను. ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

మేడమ్ వాసన చూశారు. చిరుగుని వేలితో తడిమారు. పిల్లలు తిప్పే పేజీ మూల దగ్గర నలిగి నలిగి చిరుగుతుంది. నాది నిట్టనిలువునా చిరిగింది. తనే అతికించి, ఎండబెట్టి, నేను ఆటో ఎక్కబోతుంటే చేతికిచ్చారు.

"దీన్ని పిల్లలు చించిన రోజున తీసుకురా అమ్మాయ్."

"తప్పైపోయింది మేడమ్."

"సరేలే. ముందు ఆ తాళం తియ్యి."

తీశాను. ఆ తర్వాత ప్రతిసారీ నా సంచి నిండేది, కానీ ఆవిడ మాత్రం, "మన పుస్తకం వచ్చిందా?" అని అదొక్కటే అడిగేవారు. ఆవిడ అతికింపు గట్టిది. ఇంకా లేదండీ అనేదాన్ని.

మొన్న సంఘం సంతాప సభ పెట్టింది, ఆవిడ పనిచేసిన లైబ్రరీ గదిలోనే. బీరువాలన్నిటికీ తాళాలు. వాటికి అడ్డంగా ఫ్లెక్సీ, అందులో ఆవిడ కన్నా అధ్యక్షుడి బొమ్మ పెద్దది. ఆయన మైకు పట్టుకుని, "సర్వీసు మొత్తంలో ఒక్క పుస్తకం కూడా పోనివ్వలేదు," అన్నాడు. చప్పట్లు. సంతాప సభలో చప్పట్లేంటండీ. పోయిన పుస్తకాల జాబితాని ఆ గదిలోనే, తన బల్ల అద్దం కింద పెట్టుకుని అందరికీ చూపించిన మనిషి ఆవిడ. "పోలేదమ్మా, ఎవరింట్లోనో ఉన్నాయి," అనేవారు. లేచి ఆ మాటే చెప్పాను.

"టైమైపోతోంది మేడమ్, కూర్చోండి," అన్నాడు అధ్యక్షుడు. సమోసాలొచ్చాయి. నేను బయటికొచ్చేశాను.

నా సంచిలో ఆ కథల పుస్తకం ఉంది. ఆవిడ పోవడానికి ముందు రోజే ఏడో తరగతి పిల్ల తల వంచుకుని తెచ్చిచ్చింది. "నేను ముందంటే నేను ముందని మా చెల్లీ నేనూ లాక్కున్నాం టీచర్," అంది. అట్ట ఊడింది, మూలలన్నీ నలిగాయి, నేను చింపిన పేజీల్లోనే నూనె మరక. రెండో శనివారానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

సభ నుంచి తిన్నగా ఆవిడ ఇంటికే వెళ్లాను. వరండాలో జిగురు డబ్బా అలాగే ఉంది, పుల్ల అందులో నిలబడి బిగుసుకుపోయింది. పుస్తకం తెరిచి దాని పక్కన పెట్టాను. అతికించబుద్ధి కాలేదు. మేడమ్ ఇంకా చూడలేదు.