సబిత పేరు కింద నా పేరు

సబిత ఇక లేదని వాళ్ల ఊరు మోతె నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడ బస్టాండులో ఉన్నాను. గుండెపోటట, సూర్యాపేట దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయిందట. నలభై నిండని సహాధ్యాపకురాలి అకాలమరణం నన్ను నిశ్చేష్టురాలిని చేసింది.

ఏళ్ల తరబడి ఒకే ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్లు బోధించాం. గొర్రెల కాపరుల ఇంట పుట్టిన సబితది నిశితమైన మేధ. సందేహం వస్తే విద్యార్థులు నా గది దాటి ఆమె గదికి వెళ్లేవారు. వాళ్ల అడుగుల చప్పుడు వింటూ నేను ఉడికిపోయేదాన్ని.

మా ప్రయోగశాలకు ఇంటర్నెట్ పంచే లినక్స్ యంత్రం రద్దీ పెరిగితే కొయ్యబారిపోయేది. నేను నెట్‌వర్క్ కార్డు మార్పించాను, ఫలితం లేదు. సబిత మాత్రం లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఆ కార్డును నడిపే ప్రోగ్రాం చదివి నన్ను పిలిచింది.

“గీడ సూడు రమా. డేటా పంపే కోడ్ ఈ లాక్ పట్టుకుంటది. అంతల్నే కార్డు నుంచి ఇంటరప్ట్ వస్తది. ప్రాసెసర్ చేతిల పని ఆపి దాని దిక్కు పోతది. దానికీ అదే లాక్ గావాలె.”

“లాక్ పట్టుకున్న పనేమో మధ్యలో ఆగిపోయింది. అది వదిలితే గానీ దీనికి దొరకదు. మరి ఎవరు వదులుతారు?”

“ఎవ్వరు వదలరు. ఇగ ఖతం.”

లాక్ పట్టుకునే ముందే ఇంటరప్ట్‌లను ఆపి, వదిలాక తిరిగి అనుమతించేలా సవరించింది. అయినా యంత్రం మళ్లీ ఆగింది. నాకు లోలోపల పండగే. ఆ హుషారుతో ప్రతి పంక్తీ చదివాను. ఏదైనా లోపం ఎదురైతే మధ్యలోనే వెనుదిరిగే దారి ఒకటుంది. అక్కడ లాక్ వదలడం మరిచిపోయింది. చూపించాను.

“మస్తు దొరకబట్టినవ్!” అంటూ నా భుజం తట్టింది. తన తప్పు దొరికినా అంత సంతోషించే మనిషిని చూసి మరింత కుళ్లుకున్నాను.

అదీ సరిచేసి పంపితే కెర్నెల్ నిర్వాహకులు ఆ సవరణను స్వీకరించారు. రాసినది సబిత, పరీక్షించినది నేను అని అందులో ఆమె పేరు కింద నా పేరు. సన్మానసభలో శాలువా మాత్రం ఆమెకొక్కదానికే కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను, నవ్వు రాకపోయినా.

దినాల నాడు ఆమె భర్త నా పక్కన కూర్చున్నాడు. “సబిత మీరంటే కుళ్లుకునేది మేడం. ‘నేనెంత సూసినా దొరకంది రమకు దొరికింది’ అని ఆ దినం అన్నం గూడ తినలే.”

అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

సబితా, నీకు సాటిగా నిలవాలనే ఇంతకాలం శ్రమించాను. నిలిచానని నువ్వు పోయాకే తెలిసింది. నీ ప్రజ్ఞకు నా కన్నీటి నమస్కారం.