స్నానం చేసిన ముఖాలు

స్నానం చేయని ముఖాన్ని చోగాలాల్ ఫోటో తీసేవాడు కాదు. భానుగఢ్ సంస్థానం మొత్తానికి ఫోటోగ్రాఫరు ఆయనొక్కడే. అందుకని సంస్థానమంతా తడి తలతోనే కెమెరా ముందుకొచ్చేది.

కారణం లేకపోలేదు. గుడిలోని దేవుడు ఠాకూర్‌జీకి మొక్కుతున్నట్టు సంస్థానాధీశుడు మహారావల్‌ను రంగుల్లో వేసి, ఫోటోలోని ముఖాన్ని కత్తిరించి ఆ బొమ్మకు అతికించేవాడు. దేవుడి ఎదుట నిలబడే ముఖానికి మడి వద్దా?

"నాది పెళ్లిచూపుల ఫోటో అయ్యా!" అని మొత్తుకున్నాడొక నగల వ్యాపారి.

"కాగితం రేపెక్కడ తేలుతుందో మీకేం తెలుసు, సేఠ్‌జీ? ఉల్లిపాయ కూడా తిన్నట్టున్నారు. గురువారం రండి."

"ఉల్లిపాయ ఫోటోలో కనబడుతుందా?"

"మీకు కనబడదు. ఠాకూర్‌జీకి కనబడుతుంది."

బ్రిటిషు ఏజెంటు దొర చేత కూడా బూట్లు విప్పించాడు. "ఫోటో నడుము దాకానేగా, కాళ్లు రావుగా?" అన్నాడు దొర.

"కాళ్లు రావు. మీరు వస్తారుగా!"

ఈ చాదస్తానికి బలైంది సంస్థానం పనులన్నీ చూసే కామ్‌దారు జోధ్‌రాజ్ మెహతా. దేవుడికి అన్నపు రాశి నివేదించే అన్నకూట్ పండుగనాడు గుడి తలుపులు తెరిచేలోపు కొత్త పటం మహారావల్ చేతిలో ఉండాలి. లేకపోతే ముప్పై ఏళ్ల కొలువు ఊడుతుంది. వారం రోజులుగా ఆయనకు అన్నం సయించడం లేదు.

పండుగ పొద్దున కోటలో నగారా మోగుతుంటే, ఆయన తలైనా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"అయిందా? నా కొంప ముంచుతున్నావయ్యా!"

"జిగురు ఆరాలి, మెహతాజీ," అంటూ చోగాలాల్ పటానికి విసనకర్రతో విసురుతున్నాడు.

జోధ్‌రాజ్ వంగి చూశాడు. మహారావల్ వెనక, వింజామర పట్టిన సేవకుడి పక్కన ఇంకో ముఖం!

"ఎవడిదిది? ఇద్దరి తలలూ ఎగురుతాయి!"

"కళ్లద్దాలు పెట్టుకుని చూడండి."

పెట్టుకున్నాడు. ఆ ముఖం తనదే.

"ఏటా పండుగనాడు మీరు వంటశాల, పల్లకీలు, దొరల కుర్చీలు చూసుకునేలోపు దేవుడి ముందు తెర పడిపోతుంది. ఒక్కసారైనా దర్శనమైందా మీకు? మొన్న వెలుతురు చూడాలని చెప్పి మిమ్మల్ని కెమెరా ముందు నిలబెట్టింది ఇందుకే."

"పీకెయ్!"

"పీకితే మహారావల్ భుజం కూడా ఊడొస్తుంది."

ఇక వేళ లేదు. జోధ్‌రాజ్ వణుకుతూనే పటం తీసుకెళ్లి అందించాడు. మహారావల్ దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఏమయ్యా మెహతా, పటంలో అంత నిమ్మళంగా నిలబడ్డావు. ఇక్కడ ఎందుకలా వణుకుతున్నావు? పద, తలుపులు తీస్తున్నారు."

"ప్రభూ, ప్రసాదం పంచే పని..."

"చోగాలాల్ చూసుకుంటాడులే."

ఆ ఏడాది ఊళ్లోకి ప్రసాదం మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. బుట్టలు మోసేవాళ్లందరినీ చోగాలాల్ రెండోసారి స్నానానికి పంపాడు.