ఒకే గిన్నెలో నాలుగు చెంచాలు

కొరియా మామ్మ పోయిందట అన్న మాట ఆ గురువారం పొద్దున్న, కొట్ల తలుపులు తీయకముందే రాజాంలో మా వీధంతా పాకిపోయింది. కొరియా మామ్మంటే మా అత్త. తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్లిన మనిషి కాదు. కొరియా ఎటుందని అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపించేది. నెలన్నర మంచం పట్టి, నిద్రలోనే వెళ్లిపోయింది. చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "టీవీలో ఆ డాక్టరమ్మ కత సివరికేటయ్యిందో సూసిందా, సూడకుండానే ఎల్లిపోనాదా?" అని అడిగింది. చూడలేదన్నాను. ఆవిడ మళ్లీ ఏడ్చింది.

పోయినవాళ్లందరూ మంచివాళ్లే అంటారు. ఆ మాట మా అత్త వింటే ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మా ఇద్దరికీ ఏళ్ల తరబడి పొసగలేదు.

తొమ్మిదేళ్ల కిందట మా ఆడపడుచు పెళ్లికి పందిరి రాట వేసిన రోజున, కొత్తవలసలో మా నాన్నకు గుండెనొప్పి వచ్చిందని ఫోను వచ్చింది. కట్టుకున్న చీరతోనే సంచీ పట్టుకుని బయల్దేరాను. అత్త గుమ్మంలో నిలబడింది. రాట పడ్డాక ఇంటి కోడలు పొలిమేర దాటితే కీడని, ఈ ఒక్క పూట ఆగితే తెల్లారి తనే కారు మాట్లాడి పంపుతానని అంది. చుట్టాలందరూ తలలూపారు. నేనూ ఆగిపోయాను. తెల్లారేసరికి నాన్న లేడు. పోయేముందు రెండుసార్లు నా పేరు పెట్టి అడిగాడని అమ్మ చెప్పింది. ఆ సంగతి అత్తకూ తెలుసు. అయినా ఆవిడ ఏనాడూ ఆ ఊసెత్తలేదు. ఆవిడ నోట ఒక్క మాట వినాలని నేను పంతం పట్టి కూర్చున్నాను. ఉప్పు, పప్పు, గ్యాసు బండ తప్ప మా మధ్య మాటల్లేవు.

అలా ఉండగా లాక్‌డౌన్ వచ్చింది. తెలుగు సీరియళ్లకు కొత్త భాగాలు ఆగిపోయి పాతవే తిప్పి తిప్పి వేస్తుంటే అత్తకు పిచ్చెక్కిపోయింది. అది చూడలేక మా అమ్మాయి ఒక కొరియా కథ పెట్టింది, తెలుగు డబ్బింగుతో. అత్త పది నిమిషాలు చూసి, ఆ కొరియా పిల్ల బెజవాడ నుంచి వచ్చినట్టు మాట్లాడుతోందేమిటని ఆ డబ్బింగు ఆపించేసింది. వాళ్ల మాట వాళ్లకే ఉంచి, నన్ను మన మాటలో చెప్పమంది. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి అత్తకు మా ఊరి మాటలో చెప్పే ఉద్యోగం నాకలా వచ్చింది. జీతం లేదు, ఆదివారం సెలవు కూడా లేదు. మధ్యాహ్నం మగవాళ్లు తిని కొట్టుకు వెళ్లాక ఇద్దరం ఒళ్లో కంచాలు పెట్టుకుని టీవీ ముందు చేరేవాళ్లం.

మొదటి వారంలోనే ఆవిడ ప్రాణం మీదకొచ్చింది. తెర మీద ఇంటిల్లిపాదీ పులుసు గిన్నె మధ్యలో పెట్టుకుని, ఎవరి చెంచా వాళ్లు అందులోనే ముంచి తాగుతున్నారు. "ఏటే ఇది, ఒకే గిన్నెలో నాలుగు సెంచాలు. ఎంగిలి" అని కంచం పక్కన పెట్టేసింది. మా ఇంట్లో ఎంగిలంటే ఆషామాషీ కాదు. తింటున్న చేత్తో నీళ్ల చెంబు తాకినా ఆవిడ చూపు అక్కడే ఉండేది. తన గిన్నెలోంచి ముక్క తీసి ఎదుటివాళ్ల అన్నం మీద పెట్టడం వాళ్లకు ప్రేమని నేను చెప్పాను. "ప్రేముంటే గరిటితో ఒడ్డించొచ్చు కదా" అంది.

క్యాబేజీకి కారం పట్టించి జాడీలకెత్తడం చూసినప్పుడు మాత్రం చుట్టాలు కనిపించినంత సంతోషపడింది. అది మన ఊరగాయేనట, ఆవపిండి ఒక్కటే తక్కువట. అందులో ఏదో చేపల రసం పోస్తున్నారని కింద అక్షరాలు పడ్డాయి. మా ఇంట్లో చేప పేరెత్తకూడదు కనక, నేను ఉప్పునీళ్లన్నాను.

ఆవిడ అభిప్రాయాలకు అంతుండేది కాదు. వాళ్ల ఊళ్లో వాన పడితే ప్రేమ పుడుతుంది, మన ఊళ్లో పడితే కరెంటు పోతుంది అనేది. కథ తెమలనప్పుడల్లా లారీ వచ్చి హీరోని గుద్దేస్తుంటే, ఆ డ్రైవర్లకు లైసెన్సులు ఎవరిచ్చారని తిట్టేది. హీరో అమ్మాయి చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోవడం ఆవిడకు బొత్తిగా గిట్టలేదు. మా బజార్లో అలా లాగితే నలుగురూ చేరి తన్నేవారంది. చైనా రాణివాసం కథల్లో ఆడవాళ్ల తలల మీద బరువు చూసి, వీళ్ల మెడలు సాయంత్రానికి ఏమవ్వాలని జాలిపడేది. పదహారు భాగాల్లో కథ ముగించే పద్ధతికి మాత్రం దణ్ణం పెట్టేది. మనవాళ్లు ఒక్క పెళ్లిచూపులకే పదహారు వారాలు తీసుకుంటారని పోలిక కూడా తెచ్చేది. ఒకసారి ఒక జపాను సినిమా పెట్టాను. ముసలి తండ్రి, కూతురు, ఒక చిన్న వంటగది, అంతే కథ. నాకు కునుకొచ్చింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. "ఇందులో ఏటీ అవ్వనేదు. ఆ పిల్ల సెప్పులు సర్దడం సూస్తే మాయమ్మ గేపకం వచ్చింది" అంది.

అంత సన్నటి సంగతులు ఎలా పట్టుకుంటారని అడిగితే, మాట తెలియనిదాన్ని కాబట్టి నోరూ చేతులూ చూస్తానని చెప్పింది. అది నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక కథ నడుస్తోంది. నూడుల్స్ కొట్టు నడిపే ముసలావిడ, ఆవిడతో పడక ఇల్లు విడిచిన కోడలు. కోడలు చాలా ఏళ్లకు తిరిగొచ్చి అదే కొట్లో బల్ల దగ్గర కూర్చుంది. ఎలా ఉన్నావని అత్తగారు అడిగింది. "బాగానే ఉన్నాను" అని కింద అక్షరాలు పడ్డాయి. అంతే పడింది. నా నోట మాత్రం వేరే మాట వచ్చింది.

"మా నాన్న మంచం మీద నన్ను అడుగుతుంటే మీరు పంపనేదు. ఆకరి సూపు నాకు దక్కనేదు. నాను అది మరిసిపోనేదు."

తెర మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పాను. అత్త అన్నం కలపడం ఆపేసింది.

"ఆ పిల్ల నోరు రెండు మాటలకే మెదిలింది. నువ్వు సెప్పింది సాలా ఉన్నాది" అంది మెల్లగా.

తెర మీద ముసలావిడ ఏమీ అనలేదు. తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి కోడలి గిన్నెలో పెట్టింది. అక్షరాలేవీ పడలేదు.

"ఇప్పుడావిడేటన్నాదో నాను సెప్తాను" అంది అత్త. "తప్పయిపోనాది అన్నాది. ఆ రోజు గుమ్మంలో అడ్డంగా నిలబడకుండా ఉండాల్సింది అన్నాది."

ఏళ్ల తరబడి కాచుకున్న మాట. తీరా వచ్చేసరికి నాలో మొండితనం లేచింది. "ఆవిడ నోరు మెదపనేదు కదత్తా" అన్నాను.

"పెద్దోల్లకి అది సేతకాదే" అంది.

నేను కంచం తీసుకుని దొడ్లోకి వెళ్లిపోయాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మర్నాడు మళ్లీ రెండింటికి ఇద్దరం కూర్చున్నాం. ఆ ఊసు ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పట్నుంచీ పొల్లు పోకుండా ఉన్నదే చదివి చెప్పాను. ఆవిడ అనాల్సింది అనేసింది. నేను ఇవ్వాల్సిన జవాబే రేపు, ఎల్లుండి అంటూ జరుగుతూ వచ్చింది. కోపం పోయిందని ఎప్పుడో తెలిసిపోయింది నాకు. అది పైకి చెప్పడమే కుదరలేదు. పెద్దవాళ్లకే కాదు, చిన్నవాళ్లకీ చేతకాదు.

ఈ ఏడాది ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. విజయనగరంలో డాక్టరు ఉప్పు మాన్పించేశాడు. చప్పిడి పప్పన్నం చూడగానే మొహం తిప్పుకునేది. ఆ దేశంలో జబ్బుపడ్డవాళ్లకు పోసే జావ కూడా ఇలాగే ఏడుస్తుంది కాబోలు, అందుకే హీరోయిన్లు తినకుండా మొహం మాడ్చుకుంటారు అని నన్ను నవ్వించింది.

పోవడానికి ఇరవై రోజుల ముందు, ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. మంచం టీవీ గదిలోకి మార్చాం. దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. ఆవిడ కంచంలో చప్పిడి పప్పన్నం, నా కంచంలో అరటికాయ వేపుడు. డాక్టరమ్మ కథ నడుస్తోంది. ఆవిడ తెర చూడ్డం లేదు, నా వేపుడు చూస్తోంది. ఒక్క ముక్కకు ఏమీ కాదనుకున్నాను. గరిటె వంటింట్లో ఉంది, లేచి తేవచ్చు. లేవలేదు. తింటున్న చేత్తోనే నా కంచంలోంచి ఒక ముక్క తీసి ఆవిడ అన్నం మీద పెట్టాను.

అత్త ఆ ముక్కను చూసింది. మెతుకులంటిన నా వేళ్లను చూసింది.

"ఎంగిలే" అంది.

"అవునత్తా" అన్నాను.

ముక్క అన్నంలో కలుపుకుని చాలాసేపు నమిలింది. తర్వాత, "ఉప్పు సరిగ్గా సరిపోనాది" అంది.

అంతలో వాన దిగింది, కరెంటు పోయింది. తెర నల్లబడింది. నేను చదివి చెప్పడానికి ఇంక ఏమీ లేదు. ఇద్దరం వాన చప్పుడు వింటూ కూర్చున్నాం. కాసేపటికి అత్త తన కంచాన్ని నా కంచం వైపు కొంచెం జరిపింది.