మా గోదావరి వంతెన కంటే పొడుగు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో సింగపూర్‌లో పనిచేశాను. ఒక శనివారం మలేషియా వెళ్తుంటే, రెండు దేశాల నడుమ సముద్రపు పాయకి అడ్డంగా కట్టిన కాజ్‌వే మీద మా బస్సు ట్రాఫిక్‌లో కదలకుండా ఆగిపోయింది. పక్కసీట్లో సింగపూర్‌లోనే టాంపినీస్ పేటలో స్థిరపడ్డ హైదరాబాదీ అంకుల్.

"ఇదీ ఒక వంతెనేనా అంకుల్? మా రాజమండ్రి వంతెన ముందు ఇదెంత?" అన్నాను.

ఆయన నవ్వారు. "రెండో ప్రపంచ యుద్ధంల జపానోళ్లు రావొద్దని ఇంగ్లీషోళ్లు దీన్ని పేల్చిండ్రు బేటా. అయినా వాళ్లు ఆగలే. ఇప్పుడైతే బాంబు దండగ, శనివారం రమ్మంటే చాలు."

బయట జనం బస్సులు దిగి, ఖాళీ సంచులు ఊపుకుంటూ అవతలి ఒడ్డునున్న చవక బజారుకి నడిచిపోతున్నారు. ఇక్కడ ఇది మామూలేనట. అంకుల్ కూడా లేచారు.

"చిన్న వంతెనే గదా, నడువు."

ఆ ఎండలో సగం దూరం వెళ్లేసరికే అది మా గోదావరి వంతెన కంటే పొడుగైంది.