నూనె తలతో ఈఈజీకి

అన్నం పెడుతుంటే నా ఏడేళ్ల కూతురు నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. చూపు గోడ మీద నిలిచింది. పిలిచినా పలకలేదు. నేను పది లెక్కపెట్టేలోపే ముద్ద అందుకుని, బడి కబురు మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో ఆగిన సంగతే దానికి తెలియదు.

వినకుండా నటిస్తోందని బడిలో టీచరు అప్పటికే రెండుసార్లు కొట్టింది. మా అత్త దిష్టి అంది.

జమ్మలమడుగు డాక్టరు ప్రొద్దుటూరులో తలకు సీటీ స్కాన్ తీయించమని, ఫలానా సెంటరు పేరు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు. కమీషను కోసమేమోనని ఆ గీతే నాకు నచ్చలేదు. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, గడ్డలూ రక్తస్రావమూ చూపిస్తుంది. కానీ అది ఎక్స్‌రేలతో తీసేది, పిల్లలకు ఊరికే తీయించేది కాదు. అయినా తీయించాం, రిపోర్టు నార్మల్ అని వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు ఆ కాగితం మీద కూడా అనుమానమే.

పులివెందులలో పిల్లల నరాల డాక్టరమ్మను అడిగాను. "ఎమ్మారై తీస్తే తెలుస్తాదా మేడం?"

"అది అయస్కాంతంతో తీసేది, రేడియేషన్ ఉండదు. శానా వివరంగా చూపిస్తాది. కానీ మోత ఎక్కువ, కదలకుండా పండుకోవాల, పిల్లలకు మత్తు ఇయ్యాల్సి రావచ్చు. ఎంతైనా అదీ బొమ్మేనమ్మా. ఇంటి వైరింగును ఫొటో తీస్తే లోపల కరెంటు పారేది కనపడతాదా? ఈఈజీ అనే పరీక్ష మెదడులో పారే కరెంటునే గీతలుగా రాస్తాది. అయితే గడ్డలుంటే చూపించదు. పరీక్షప్పుడు పాప బాగుంటే గీతలూ బాగానే ఉండచ్చు."

ఈఈజీ గదిలో పాప తలకు వైర్లు అంటించబోయిన టెక్నీషియన్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందమ్మా ఇంత నూనె? వైర్లు జారిపోతాండాయి. రేపు తలకు పోసి పిల్చకరాండి."

"ఆడపిల్లను ఎండుతలతో ఊరికి ఎట్ల పిల్చకొస్తామప్పా!" అంది అత్త.

"పెళ్లిచూపులకా వచ్చింది అవ్వా?"

నూనె పెట్టింది నేనే. తల వంచుకున్నాను.

మర్నాడు నూనె పోయేలా తలకు పోసి తీసుకెళ్లాం. పాపను గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు. కాసేపటికి పాప ఆగిపోయింది. తెర మీద సన్నగా సాగుతున్న గీతలన్నీ ఒక్కసారిగా ఎగిరెగిరి పడ్డాయి. క్షణాల మూర్ఛ అని చెప్పి డాక్టరమ్మ మందు రాసింది. చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుందట. నిజమేనా అని మూడుసార్లు అడిగాను.

తెల్లారి పాపనూ, దాని అన్ననూ కూర్చోబెట్టాను. "చెల్లెలు ఆగిపోతే ఎక్కిరించద్దు, ఊపద్దు. పక్కనే ఉండు. నీళ్ల తొట్టి కాడికి ఒక్కదాన్నే పంపద్దు," అని కొడుక్కి చెప్పాను. కూతురితో, "నువ్వు నటించలేదు తల్లీ. ఈ పొద్దు బడికి నేనూ వస్తాండా. మీ టీచరుకు ఆ గీతలు చూపిస్తా," అన్నాను.